వెనకున్నవాళ్ల అడుగే అందరి అడుగు

తెల్లవారుజామున ఐదున్నర. ధనుర్మాసం. విశాఖపట్నం వన్ టౌన్ లోని కురుపాం మార్కెట్ దగ్గర ఓ పాతికమంది పోగయ్యారు. తలకు మంకీ క్యాపులు, మెడకు మఫ్లర్లు, కాళ్లకు బూట్లు. టీ కొట్టాయనకు అనుమానం వచ్చింది.

''ఏటి బాబూ, ఊరేగింపేటైనా ఉందా?''

''లేదండీ, రుషికొండ దాకా నడిచి వెళ్తున్నాం.''

గ్లాసు కడుగుతున్న చెయ్యి ఆగిపోయింది. ''ఏం, బస్సులు తిరగట్లేదేటి?''

ఆయన అడిగిందీ సబబే. పాత ఊరి నుంచి సముద్రాన్ని ఒరుసుకుంటూ రుషికొండ దాకా సుమారు 15 కిలోమీటర్లు. బస్సెక్కితే గంట పని. దానికోసం ఆదివారం ఉదయమంతా కాళ్లరిగేలా నడవడమెందుకు? పైగా వీళ్లకో సంఘం లేదు, బ్యానరు లేదు, ఒకేరంగు టీషర్టులూ లేవు. ఏటా చలికాలంలో ఒక ఆదివారం ఫోన్లు చేసుకుంటారు, కలుస్తారు, నడుస్తారు. అంతే.

చలికాలమే ఎందుకంటే, విశాఖ ఉక్కపోత గురించి తెలిసినవాళ్లెవరూ ఆ ప్రశ్న వెయ్యరు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి చలి ఎముకలు కొరికేది కాదు. తెల్లవారుజామున పద్దెనిమిది డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ వేళ గాలి కూడా నేల మీది నుంచి సముద్రం వైపు పొడిపొడిగా వీస్తుంది. పది, పదకొండయ్యాక గానీ సముద్రపు గాలి ఇటు తిరగదు. ఆలోగా ఎంత నడిస్తే అంత లాభం.

గుంపులో అన్ని వయసులవాళ్లూ ఉన్నారు. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన, అమ్మానాన్నలతో వచ్చిన ఐదో తరగతి పాప, నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్లు, నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన నర్సమ్మ. అందరికీ కలిపి ఒకటే నియమం: వెనకున్నవాళ్ల అడుగే అందరి అడుగు. గుంపు చివర నడిచే బాధ్యత నర్సమ్మది. ఆమె వెనక ఇంకెవరూ మిగలకూడదు. బయల్దేరేముందు ఆమె వేలుపెట్టి లెక్కపెట్టింది. ఇరవై ఆరుగురు.

ముగ్గుల మధ్యనుంచి...

పాత ఊరి వీధులు ఇరుకు. నెలగంట పెట్టాక ఆ ఇరుకు ఇంకాస్త ఎక్కువవుతుంది. ఎందుకంటే వీధిలో సగం ముగ్గే! కల్లాపి ఇంకా ఆరలేదు. గడపగడపకీ ఓ ఇల్లాలు నడుం వంచి చుక్కలు కలుపుతోంది. ముగ్గు తొక్కకుండా ఇరవై ఆరుమంది ఒకరి వెనక ఒకరు గోడవార నడిచారు. ''జాగ్రత్తగా నడుస్తున్నారు, మంచోళ్లే'' అని ఓ బామ్మగారు అరుగుమీంచి కితాబిచ్చింది.

వీధి మలుపు తిరగ్గానే మూడు కొండలు కనిపిస్తాయి. ఒకదానిమీద మేరీమాత చర్చి, ఒకదానిమీద ఇస్ హాక్ మదనీ దర్గా, ఇంకొకదానిమీద వెంకటేశ్వరస్వామి గుడి. మూడూ పక్కపక్కనే. ఒకప్పుడు ఇటు వచ్చే ఓడలు దర్గాకు ఎదురుగా రాగానే జెండాను మూడుసార్లు దించి ఎత్తేవట. 1933లో హార్బరు తెరవక ముందు ఓడలు లోపలికి వచ్చేవే కావు. దూరాన సముద్రంలోనే లంగరు వేసుకుంటే సరుకులన్నీ పడవల్లో ఒడ్డుకు చేరేవి.

ఈ పాత ఊళ్లోనే సెయింట్ అలోషియస్ స్కూలుంది. సి.వి.రామన్ చిన్నప్పుడు చదువుకున్న బడి అది. సముద్రపు గాలి పీలుస్తూ పెరిగిన ఆ పిల్లవాడే, పెద్దయ్యాక 1921లో ఐరోపా వెళ్లివస్తూ, సముద్రం నీలంగా ఎందుకుంటుందన్న ప్రశ్నను పట్టుకున్నాడు. ఆకాశం నీడ పడటం వల్లేనన్న మాటతో తృప్తి పడలేదు. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని తేల్చాడు. ఆ దారి వెంటే వెళ్లి 1930లో నోబెల్ అందుకున్నాడు. ఈ సంగతి విన్న ఐదో తరగతి పాప స్కూలు గేటు వంక ఓసారి, సముద్రం ఉన్నవైపు ఓసారి చూసింది. రోజూ స్కూలు వ్యానులో ఇటే వెళ్తుందట. గేటు మీది పేరు చదవడం మాత్రం ఇదే మొదలు!

గంప కింద మోకాళ్లు

ఫిషింగ్ హార్బరుకు చేరేసరికి సముద్రం మీద ఎర్రటి గీత లేచింది. జెట్టీలో వేలం జోరుమీదుంది. కోనాం, చందువా, పారలు, కవళ్లు, రొయ్యలు... కుప్పలు కుప్పలుగా పడుతున్నాయి, క్షణాల్లో గంపల్లోకి మారిపోతున్నాయి. 2023 నవంబరులో ఓ రాత్రి ఇక్కడ మంటలు లేచి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేటకు సెలవు. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ 61 రోజులూ బోట్లు కదలవు. మిగతా ఏడాదంతా ఊరికంటే ముందు నిద్రలేచేది ఇక్కడే.

చేపల గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒకావిడ ఈ గుంపును చూసి ఆగింది. సంగతి తెలుసుకుని పకపకా నవ్వింది.

''నడిత్తే రోగాలు రావంట గదా! ముప్పై ఏళ్ల నుంచీ ఈ గంపెట్టుకుని ఈదీదీ తిరగతన్నాను. మరి నా మోకాళ్లెందుకు పోనాయి బాబూ?''

ఎవరి దగ్గరా సమాధానం లేదు. కుర్రాళ్లు నవ్వబోయి ఆపేశారు. రిటైరైన పెద్దాయన మాత్రం తన మోకాలి మీద చెయ్యేసుకుని ''నీదీ నాదీ ఒకటే జబ్బమ్మా'' అన్నాడు. ''నీకు బస్సెక్కే వీలుంది బాబూ, నాకు గంపుంది'' అంటూ ఆవిడ ముందుకు సాగిపోయింది. ఆవిడ నడక వీళ్లకంటే వడివడిగా ఉంది.

సరదాగా నడిచేవాళ్లు కొందరు, నడవక తప్పనివాళ్లు ఇంకొందరు. ఇద్దరికీ ఒకటే రోడ్డు.

ఈ ఇసుక ఎక్కడిది?

కోస్టల్ బ్యాటరీ దాటితే బీచ్ రోడ్డు. తెల్లవారుజామున కొన్ని గంటలు ఇక్కడ వాహనాలను రానివ్వరు. ఆ కాసేపు రోడ్డు మనుషులది. పరుగెత్తేవాళ్లు, యోగా చేసేవాళ్లు, బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు, బండి దగ్గర రాగిజావ తాగేవాళ్లు... పక్కనే రామకృష్ణ మిషన్ ఆశ్రమం. ఆర్కే బీచ్ పేరులోని ఆర్కే అదే.

ఇక్కడి ఇసుకకూ ఓ కథ ఉంది. తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. దారిలో రేవు కోసం కట్టిన గోడలు అడ్డుపడ్డాయి. ఇసుక అటువైపే ఆగిపోతే ఇటువైపు తీరం కోసుకుపోతుంది. అందుకే రేవు దగ్గర పేరుకున్న ఇసుకను తవ్వి తెచ్చి ఈ ఒడ్డున పోయడం ఏళ్లుగా సాగుతోంది. అంటే ఆదివారం సాయంత్రం పిల్లలు గుళ్లు కట్టే ఇసుకలో కొంత... అరువు తెచ్చుకున్నదే!

ఆ ఇసుకనే నమ్ముకుని వచ్చే చుట్టాలున్నారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఒడ్డుకొచ్చి, గుంట తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. వాటిని కుక్కల బారిన పడకుండా సేకరించి అటవీ శాఖవాళ్లు కంచె కట్టిన చోట పాతిపెడతారు. పిల్లలు బయటికి రావడానికి దాదాపు యాభై రోజులు. వెలుగున్న వైపే వాటి పరుగు. ఒకప్పుడు వెలుగంటే సముద్రం మీది మెరుపే. ఇప్పుడు వీధి దీపాలు కూడా పిలుస్తాయి. అలా దారితప్పి రోడ్డెక్కే పిల్లలూ ఉంటాయి.

కురుసుర జలాంతర్గామి దగ్గర టిఫిన్లకు ఆగారు. తెచ్చుకున్న ఇడ్లీలు, కొనుక్కున్న గారెలు. ఆ జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించుకుంది. 91 మీటర్ల ఇనుప చేపను ఒడ్డుకు లాగి 2002లో మ్యూజియం చేశారు. పెద్దాయన దాన్ని తేరిపార చూశాడు.

''ఇదీ నాలాంటిదే. ముప్ఫయ్యొక్కేళ్లు పనిచేసి రిటైరైంది. కాకపోతే దీన్ని చూడ్డానికి టిక్కెట్టు పెట్టారు'' అన్నాడు. పాపకు నవ్వాగలేదు.

ఆయన ఈ ఊళ్లో నలభయ్యేళ్లుగా ఉంటున్నాడు. అందులో సగం కాలం షిఫ్టు బస్సు కిటికీలోంచే చూశాడు. మిగతా సగం స్కూటరు అద్దంలోంచి. భార్య పోయాక బయటికి రావడమే తగ్గించేశాడు. నర్సమ్మ వాళ్ల పక్కింట్లోనే ఉంటుంది. ''బాబాయ్ గారూ, మీరు రాకపోతే నేను చివరన ఒక్కదాన్నే నడవాలి'' అని బతిమాలి తీసుకొచ్చింది.

గట్టు ఎంత ఎత్తు?

ఊళ్లో చాలామంది ఇప్పటికీ వుడా పార్కనే పిలిచే పార్కు దాటాక గుంపు లోపలి వీధుల్లోకి మళ్లింది. పెద జాలారిపేట, లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ కాలనీ. ఈ పేర్లలోనే ఊరి చరిత్రంతా ఉంది. ఎంవీపీ అంటే ఏదో ఇంగ్లిషు పేరనుకుంటారు కొత్తవాళ్లు. మువ్వలవానిపాలెం! పల్లెలు కాలనీలయ్యాయి, కాలనీలు అపార్టుమెంట్లయ్యాయి. ఒక వీధిలో వలలు ఆరేసి ఉంటాయి. రెండు వీధులవతల బాల్కనీల్లో యోగా చాపలు ఆరేసి ఉంటాయి. కార్లో వెళ్తే రెంటి మధ్యా ఒక సిగ్నలు. నడిచి వెళ్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ పొద్దున్నే పనిమనుషులు, వాచ్ మెన్లు, పాలవాళ్లు నడిచే దారే.

పెద్దాయనకు అసలు కష్టం ఇక్కడే మొదలైంది. బీచ్ రోడ్డు మీద ఏడెనిమిది కిలోమీటర్లు హాయిగా నడిచిన మనిషి, కాలనీల్లోకి రాగానే కుంటడం మొదలెట్టాడు. కారణం దూరం కాదు. ఫుట్ పాత్! ప్రతి ఇంటి గేటు దగ్గరా అది తెగిపోతుంది. దిగాలి, మళ్లీ ఎక్కాలి. నాలుగడుగులు వేస్తే ట్రాన్స్ ఫార్మరు. దిగాలి. ఇంకో నాలుగడుగులు వేస్తే వరసగా మోటారు సైకిళ్లు. దిగి రోడ్డు మీదికి పోవాలి. వెనక ఆటో హారను.

పాపకు ఇదంతా ఆటలా తోచింది. గట్టు వచ్చినప్పుడల్లా వంగి, జానతో కొలవడం మొదలెట్టింది. ''ఇది జానెడు. ఇది జానెడున్నర. తాతగారూ, ఇది రెండు జానలు!''

మన దేశంలో రోడ్లకు కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం 2012లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఫుట్ పాత్ గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. మనిషి నడవడానికి ఏ అడ్డూలేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. 150 మిల్లీమీటర్లంటే ఎంతనుకున్నారు? సరిగ్గా ఆ పాప జానెడు! ఆ కొలత మించిన గట్లను లెక్కపెడదామని మొదలెట్టి, వేళ్లు చాలక మానేసింది.

విశాఖవాసులకు నడక కొత్తేం కాదు. ఆషాఢ పౌర్ణమి ముందురోజున సింహాచలం గిరి ప్రదక్షిణ చేసే లక్షలమంది 32 కిలోమీటర్లు నడుస్తారు. ఈ వీధులూ ఆ దారిలోనివే. అప్పూఘర్ దగ్గర సముద్ర స్నానాలు చేస్తారు. ఆ రోజు అడుగడుగునా మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర. బళ్లు ఆపేస్తారు. ముసలివాళ్లు కనిపిస్తే చెయ్యందిస్తారు. నడిచేవాడికి దారివ్వడం ఈ ఊరికి తెలుసు. ఏడాదిలో ఒకరోజు తెలిసింది మిగతా రోజుల్లో మర్చిపోతోంది, అంతే.

తెన్నేటి పార్కు బెంచీ మీద

రైతుబజారు దగ్గర ఎవరో తేగల కట్ట కొన్నారు. చలికాలం తప్ప దొరకని సరుకాయె! తేగలు చీల్చుకుంటూ, చందమామ ఎవరికి వచ్చిందో చూసుకుంటూ తెన్నేటి పార్కు చేరేసరికి పదకొండు. పైన కైలాసగిరి, కింద రాళ్లమీద విరుగుతున్న అలలు. 2014 అక్టోబరు 12న హుద్ హుద్ తుపాను ఈ కొండమీది చెట్లను మోడులు చేసి వెళ్లింది. 2020 అక్టోబరులో వాయుగుండానికి లంగరు తెగిన బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా కొట్టుకొచ్చింది ఈ రాళ్లమీదికే.

పెద్దాయన బెంచీ మీద కూర్చున్నాడు. బూటు విప్పాడు. మళ్లీ తొడుక్కోలేదు.

రుషికొండకు ఇంకా ఐదారు కిలోమీటర్లుంది. కుర్రాళ్లు వాచీలు చూసుకున్నారు. ''అంకుల్ ని ఆటో ఎక్కించేసి మనం వెళ్దామా?'' అని ఒకడు మెల్లిగా అన్నాడు. అది పెద్దాయన చెవిన పడనే పడింది. నర్సమ్మకు కోపం వచ్చింది. ''నియమం ఉందిగా! ఆయన ఆగితే అందరం ఆగుతాం. ఇక్కడితో చాలిద్దాం'' అంది. రుషికొండలో అలల్లో దిగుదామని బట్టలు మోసుకొచ్చినవాళ్ల మొహాలు మాడాయి. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

చివరికి ఆయనే తేల్చాడు.

''నావల్ల మీరు ఆగితే వచ్చే ఏడు నేను రాను. నన్ను ఆటోలో పార్శిల్ చేసి ఇంటికి పంపినా రాను. అరగంట కూర్చోనివ్వండి. నడిచినంత నడుస్తాను. నావల్ల కాకపోతే బస్సెక్కి రుషికొండలో దిగుతాను. ఇంటికి మాత్రం వెళ్లను.''

ఆ అరగంటలో పాప ఆయన్ని అడిగింది, ఈ తెన్నేటి ఎవరని. ఆయన మొహం వెలిగింది. తెన్నేటి విశ్వనాథం స్వాతంత్ర్య సమరయోధుడు. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ ఊరూరా జనం రోడ్డెక్కినప్పుడు ముందు నిలబడిన నాయకుల్లో ఒకరు. మరుసటేడు ఈ ఊరి నుంచే లోక్ సభకు గెలిచారు. 1971లో ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ''ఆ పోరాటం లేకపోతే ఆ ఫ్యాక్టరీ లేదు. ఫ్యాక్టరీ లేకపోతే ఈ ఊళ్లో నేను లేను. నలభయ్యేళ్లుగా ఆయన పేరున్న పార్కు ముందునుంచి వెళ్తున్నాను గానీ, ఒక్కసారీ దిగి కూర్చోలేదమ్మా'' అన్నాడు.

ఇందాక ఆటో మాట అన్న కుర్రాడు వచ్చి ఆయన బూటు లేసు కట్టాడు. 'సారీ' అనలేదు. పెద్దాయన కూడా అడగలేదు.

లెక్క సరిపోయింది

జోడుగుళ్లపాలెం దాకా ఆయన నడిచాడు. రోడ్డుకు ఓ పక్క సముద్రం, మరోపక్క కొండలు. సాగర్ నగర్ దగ్గర ఇక చాలనిపించింది. బస్సు వచ్చింది. పాపా, వాళ్లమ్మా, ఇంకో ఇద్దరూ ఆయనతోపాటు ఎక్కారు. ''మాకూ కాళ్లు నొప్పులే'' అన్నారు. నిజమో, ఆయన కోసమో ఎవరూ ఆరా తీయలేదు.

మిగతావాళ్లు రుషికొండ చేరేసరికి ఒంటిగంటన్నర. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కిన తీరమిది. శుభ్రతకూ, సౌకర్యాలకూ ఇచ్చే ఆ జెండా 2025లో కిందికి దిగింది. లోపాలు సరిదిద్దాక మళ్లీ ఎక్కింది. ఒకసారి తెచ్చుకుంటే చాలదు, నిలబెట్టుకోవాలి. తీరమైనా అంతే, నడకైనా అంతే.

చెట్టునీడన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పక్కన పాప ఇసుకలో ఏదో గీస్తోంది. దగ్గరికెళ్లి చూస్తే వాళ్ల వీధి. ఇళ్లు, గేట్లు, వాటి ముందు ఎక్కడా తెగకుండా పొడుగ్గా ఒకటే గీత.

''ఇదేంటమ్మా?''

''ఫుట్ పాత్. జానెడే ఎత్తు. తాతగారు ఎక్కగలరు. ఆ చేపల ఆంటీ కూడా.''

కుర్రాళ్లు సముద్రంలోకి పరుగెత్తారు. క్యారేజీలు తెరుచుకున్నాయి. పులిహోర, దద్దోజనం, మిగిలిన తేగలు. నర్సమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు లేచి నిలబడింది. వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. నడిచొచ్చినవాళ్లు, బస్సులో వచ్చినవాళ్లు, నీళ్లలో ఉన్నవాళ్లు...

ఇరవై ఆరుగురు.

అప్పుడు కూర్చుని అన్నం తింది.